కెర్నల్ పారేసిన రీడింగులు

ఆ కాగితం మీద సంతకం పెట్టమని ప్రొడక్షన్ మేనేజర్ రెండోసారి అడిగినప్పుడు నన్ను కూర్చోమనలేదు. ఆయన బల్ల ముందు రెండు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను నిలబడే కాగితం చదివాను. ‘కంప్యూటర్ వ్యవస్థలో ఏ లోపమూ లేదు, రికార్డులో ఖాళీలకు కారణం ఆపరేటర్ నిర్లక్ష్యం’ అని దాని సారాంశం. కింద నా పేరు ముందే టైపు చేసి ఉంది.

“నేను పెట్ట సార్” అన్నాను.

“ఎందుకు పెట్టవు?”

“లోపం లేదని నాకు తెల్వదు. తెల్వనిదానికి ఎట్ల పెడత?”

“అమ్మాయ్, నువ్వింకా ప్రొబేషన్‌లో ఉన్నావు” అన్నాడాయన, కాగితాన్ని నా వైపు ఇంకొంచెం జరుపుతూ. నేను దాన్ని ముట్టుకోకుండా బయటికి వచ్చేశాను. మెట్లు దిగేటప్పుడు నాకున్నది భయం కాదు, కోపం.

పటాన్‌చెరులో మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ అది. కొత్త శతాబ్దం అప్పుడే మొదలైంది. నేను సంగారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చి అక్కడ కంప్యూటర్ ఇంజినీరుగా పనిచేసేదాన్ని. ఆఫీసులో ఆ ఉద్యోగం చేసే ఆడపిల్లను నేనొక్కదాన్నే. డ్రయ్యర్లలో పొడి ఆరేటప్పుడు ఉష్ణోగ్రత ఎంత ఉందో ప్రతి డ్రయ్యర్ పక్కనున్న చిన్న పెట్టె కొలిచి, కేబుల్ గుండా ఆఫీసులోని కంప్యూటర్‌కు పంపేది. కంప్యూటర్ దాన్ని దాచుకుని, ప్రింటర్ మీద అచ్చు కూడా వేసేది. ఆ రికార్డులో మధ్యమధ్య ఖాళీలు వస్తున్నాయి. ఖాళీలున్న సరుకును కొనేవాళ్లు వద్దంటున్నారు. ఖాళీలన్నీ సాయంత్రం ఆఫీసు వాళ్లు ఇళ్లకు వెళ్లాక, రెండో షిఫ్టులోనే వస్తున్నాయి. కాబట్టి ఆ షిఫ్టు ఆపరేటర్ పెట్టె స్విచ్ ఆపి పడుకుంటున్నాడని తేల్చేశారు. అతన్ని సస్పెండ్ చేసి, నోటీసును గేటు పక్కనున్న బోర్డుకు అంటించారు.

ఆ ఆపరేటర్ వయసులో మా నాన్న కంటే పెద్ద. ఆ సాయంత్రం గేటు ఎదుట చాయ్ బండి దగ్గర కూర్చుని కనిపించాడు. లోపలికి రానివ్వకపోయినా డ్యూటీ వేళకు వచ్చి అక్కడ కూర్చునేవాడు.

“కాకా, పెట్టె బంద్ చేసినవా?” అని సూటిగానే అడిగాను.

ఆయనకు కోపం వచ్చింది. గ్లాసు కింద పెట్టాడు. “డ్రయ్యర్ ఉన్నకాడ మా జొన్నచేను ఉండె బిడ్డా. ఫ్యాక్టరీకి ఇచ్చినం. ఆ జాగల నేను నిద్రవోతనా? పెట్టె లైటు మెరుస్తనే ఉండె. నా కండ్లతోని సూసిన. ఎవ్వనికి చెప్పినా ఇంటలేడు.”

“నేను ఇంటున్న” అన్నాను.

లైటు మెరుస్తోందంటే పెట్టె రీడింగులు పంపుతూనే ఉందన్నమాట. మరి అవి దారిలో పోతున్నాయా, చేరాక పోతున్నాయా? రికార్డు చేసే ప్రోగ్రాం హైదరాబాద్ కంపెనీ ఒకటి అమ్మింది. దాని లోపల ఏం రాసి ఉందో వాళ్లు చూపించరు. కానీ అది నడిచేది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం మీద. లినక్స్ కెర్నల్ మొత్తం, కంప్యూటర్‌ను నడిపే అసలు ప్రోగ్రాం, ఎవరైనా చదువుకోవచ్చు. ఒక పత్రికతో పాటు ఇచ్చిన సీడీలో అది నా దగ్గర ఉంది. కాలేజీలో మాకు కెర్నల్ గురించి చెప్పిన సారు బ్లాక్‌బోర్డు మీద ఒక డబ్బా గీసి, “దీని జోలికి మీరు పోనవసరం లేదు” అన్నాడు. ఆ మాట అప్పట్లోనే నాకు నచ్చలేదు.

నెట్‌వర్క్ భాగాన్ని ప్రింటు తీసుకుని బస్సులో చదవడం మొదలుపెట్టాను. ఇస్నాపూర్ దగ్గర లారీల మధ్య బస్సు ఆగిపోయినప్పుడల్లా నాకు ఇంకో పేజీ దొరికేది. కేబుల్ తగిలించే నెట్‌వర్క్ కార్డుకు సందేశం అందగానే అది ప్రాసెసర్‌ను పిలుస్తుంది. కెర్నల్ చేస్తున్న పని ఆపి సందేశాన్ని మెమరీలోకి తీసుకుంటుంది. మీద ఉన్న చిరునామా చూసి, అది ఏ ప్రోటోకాల్‌దో, అంటే ఏ పద్ధతిలో పంపిందో, తేల్చి, ఆ ప్రోటోకాల్ పని చూసే భాగానికి అప్పగిస్తుంది. ఆ భాగం అది ఏ ప్రోగ్రాంకు చెందుతుందో కనుక్కుని, ఆ ప్రోగ్రాం పేరు మీదున్న వరుసలో పెడుతుంది. అక్కడితో కెర్నల్ పని అయిపోతుంది. వచ్చి తీసుకోవలసింది ప్రోగ్రామే. తీసుకోకపోతే?

ఆ జవాబు ఒక చిన్న లైనులో ఉంది. వరుసలో ఇప్పటికే ఉన్నదీ కొత్తగా వచ్చిందీ కలిపి హద్దు దాటితే, వద్దు. ఆ ‘వద్దు’ విన్న కెర్నల్ భాగం ఏం చేస్తుందో చూశాను. సందేశాన్ని పారేస్తుంది. పోయినవాటి లెక్కలో ఒకటి కలుపుతుంది. పంపినవాళ్లకు ఏమీ చెప్పదు. అందిందని కబురు పంపే ప్రోటోకాల్ వేరే ఉంది. పెట్టెలు తయారుచేసినవాళ్లు వాడింది అది కాదు. వాళ్లు తేలికైనదాన్ని వాడారు. అందులో పంపడమే ఉంటుంది, అందిందా అని అడగడం ఉండదు.

మర్నాడు ఆఫీసుకు వెళ్లగానే ఆ లెక్క చూశాను. సున్నా కాదు. చాలా పోయాయి. కానీ నేను చూస్తున్నంతసేపూ అది కదల్లేదు. మధ్యాహ్నం ప్రింటర్ రిబ్బను మార్చడానికి దాన్ని ఆపాను. రిబ్బను ఇరుక్కుని చేతులు నల్లగా అయ్యాయి, కడుక్కుని వచ్చేసరికి ఆలస్యమైంది. మళ్లీ చూస్తే ఆ లెక్క పెరుగుతోంది! ప్రోగ్రాం కెర్నల్‌ను ఏమేం అడుగుతోందో చూపించే సాధనం ఒకటి లినక్స్‌లోనే ఉంటుంది. అది పెట్టి చూశాను. ‘ఈ లైను అచ్చు వేయి’ అని అడిగి, ప్రింటర్ జవాబు కోసం ప్రోగ్రాం అక్కడే ఆగిపోయి ఉంది. అచ్చు వేసేదీ రీడింగులు అందుకునేదీ ఒకే ప్రోగ్రాం. ప్రింటర్ ఆగితే అదీ ఆగుతుంది. వరుస నిండుతుంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి రీడింగునూ కెర్నల్ పారేస్తుంది.

పగలు కాగితం అయిపోతే మేమెవరో ఒకరం వెంటనే పెట్టేవాళ్లం. సాయంత్రం మేం గదికి తాళం వేసుకుని వెళ్లిపోయేవాళ్లం. సూపర్‌వైజర్ ఎప్పుడో తాళంచెవి తెచ్చి కాగితం పెట్టేదాకా రీడింగులన్నీ నేలపాలు. ఖాళీలు రెండో షిఫ్టులో వచ్చింది ఆపరేటర్ నిద్రపోయి కాదు, ఆఫీసు ఇంటికి పోయి.

మేనేజర్‌తో చెప్పాను. ఆయన సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంజినీర్ను పిలిపించాడు. ఆ ఇంజినీరు నా మాట సగంలోనే అందుకున్నాడు.

“మా సాఫ్ట్‌వేర్ లోపల చూడటానికి మీకు హక్కు లేదు మేడం. అగ్రిమెంట్ చదువుకోండి.”

“మీ లోపల సూడలే సార్. మీది కెర్నల్‌ను ఏమడుగుతుందో సూసిన. కెర్నల్ మీది గాదు.”

“ఎక్కడ చదివారు మీరు?”

“సంగారెడ్డి పక్కన. ప్రింటర్లకెళ్లి కాగితం తీద్దాం, మీ ముందటనే తేలుతది” అన్నాను.

మేనేజర్ సరేనన్నాడు. నేను ఇంకో మాట అన్నాను, ఆపరేటర్ కూడా రావాలని. సస్పెండ్ అయినవాణ్ని లోపలికి రానివ్వడం కుదరదన్నాడు. ఆయన లేకుండా నేను పరీక్ష చేయనన్నాను. చివరికి ఆయన్ని తీసుకురావడానికి నేనే గేటు దగ్గరికి వెళ్లాను. వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. ఆర్డర్ లేదన్నాడు. నేను గేటు మధ్యలో నిలబడిపోయాను. వెనక డ్రమ్ముల లారీ వచ్చి హారన్ కొట్టింది. జరగలేదు. లారీ వెనక ఇంకో లారీ చేరాక ఇంటర్‌కం మోగింది. ఆపరేటర్ను లోపలికి పంపమన్నారు.

“గింత కొట్లాట ఎందుకు బిడ్డా” అన్నాడాయన నా పక్కన నడుస్తూ. అన్నాడే గాని, చొక్కా సరిచేసుకుని తల ఎత్తుకునే నడిచాడు.

మేనేజర్ను, ఆపరేటర్ను డ్రయ్యర్ పక్కన నిలబెట్టాను. పెట్టె లైటు మీద నుంచి చూపు తిప్పవద్దని ఇద్దరికీ చెప్పాను. నేనూ సాఫ్ట్‌వేర్ ఇంజినీరూ కంప్యూటర్ గదిలో ఉన్నాం. ప్రింటర్లోంచి కాగితం లాగేశాను. కాసేపు ఏమీ కాలేదు. ఇంజినీరు నవ్వాడు.

“వరుస నిండాలె సార్, జెర ఆగుండ్రి” అన్నాను.

తెర మీద లెక్క కదిలింది. ఒకటి. ఇంకొకటి. ఆ తర్వాత ఆగకుండా. ఇంజినీరు కుర్చీ ముందుకు లాక్కున్నాడు, మళ్లీ నవ్వలేదు. అతను చూడవలసినంత చూశాక కాగితం తిరిగి పెట్టాను. ప్రింటర్ గరగరమంటూ దాచుకున్న పాత రీడింగులు ముందు వేసి, ఒక్కసారిగా ఇప్పటి సమయానికి దూకింది. మధ్యలో అంతా ఖాళీ. రెండో షిఫ్టులో వచ్చిన ఖాళీ లాంటిదే.

ఆ కాగితం చింపుకుని డ్రయ్యర్ దగ్గరికి వెళ్లాను. “లైటు ఆరిందా సార్?” అని అడిగాను.

“లేదు. మెరుస్తూనే ఉంది.”

ఖాళీ చూపించాను. “గీ టైంల డ్రయ్యర్ కాడ మీరే ఉన్నరు. మీరు నిద్రవోయిన్రా?”

మేనేజర్ ముఖం ఎర్రబడింది. చుట్టూ ఉన్న హెల్పర్లు పని ఆపి చూస్తున్నారు. ఆపరేటర్ నవ్వలేదు. డ్రయ్యర్ తలుపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

“సరే, రేపట్నుంచి పనిలోకి రమ్మను” అన్నాడు మేనేజర్ నాతో, పక్కనే ఉన్న మనిషిని చూడకుండా.

“నోటీసు బోర్డు మీద పెట్టిన్రు సార్. వాపస్ తీసుకున్నది గూడ గాడనే పెట్టాలె.”

“అది నీ పని కాదు.”

నా పని కాదు, నిజమే. నేను ఆ ఖాళీ ఉన్న కాగితం కింద జరిగింది జరిగినట్టు రాసి, నా పేరు పెట్టి, సస్పెన్షన్ నోటీసు పక్కనే అంటించాను. ఈసారి సంతకం ఎవరూ అడగలేదు, నేనే పెట్టాను. షిఫ్టు మారేటప్పుడు మనుషులు గుంపుగా నిలబడి చదివారు. చదవడం రాని వాళ్లకు పక్కవాళ్లు చెప్పారు. ఒడియా కార్మికులకు ఎవరో హిందీలో వివరించారు. సెక్యూరిటీ వాళ్లు దాన్ని చింపేశారు. ఇంకొకటి అంటించాను. అదీ చింపారు. మూడోది అంటించబోతే బోర్డు మీద కంపెనీ వాళ్లదే కొత్త నోటీసు ఉంది, సస్పెన్షన్ రద్దు చేసినట్టు. క్షమించమన్న మాట అందులో లేదు. ఉంటుందని నేను అనుకోలేదు కూడా.

ఆపరేటర్ తన షిఫ్టుకు తిరిగి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీ అచ్చు వేసే పనిని వేరే ప్రోగ్రాంకు మార్చి ఇచ్చింది. అది మార్చమన్నది నేనేనని ఎక్కడా రాయలేదు. ప్రొబేషన్ అయిపోయాక నన్ను పర్మనెంట్ చేయలేదు. చివరి రోజు మేనేజర్ ఈసారి కూర్చోమన్నాడు.

“తెలివైనదానివి. కొంచెం సర్దుకుపోయి ఉంటే బాగా పైకొచ్చేదానివి.”

“నేను సర్దుకుంటే గా ఆపరేటర్ కూలిపనికి పోతుండె సార్” అని, కూర్చోకుండానే వచ్చేశాను.

ఇంట్లో అమ్మకు చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తకుండా, “నౌకరీ ఇంకోటి దొర్కుతది. సంతకం వెట్టి ఉంటే మాత్రం నేను నీతోని మాట్లాడకపోదును” అంది.

తర్వాత సంగారెడ్డి దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. మొదటి నెలలోనే విద్యార్థుల చేత కెర్నల్ తెరిపించి, కార్డు నుంచి ప్రోగ్రాం దాకా సందేశం వెళ్లే దారిని లైను తరవాత లైను చదివించాను. ప్రిన్సిపాల్ పిలిచి, ఇది సిలబస్‌లో లేదు, పరీక్షలో రాదు, ఆపేయండి అన్నాడు. వినయంగానే విన్నాను. మర్నాడు తరువాతి ఫైలు తెరిపించాను.