మంచుకు పోయిన వేరుశనగ

కడప జిల్లాలో మంచుకు పంట పోయిందంటే ఎవరైనా నవ్వుతారు. మా మామ పంట అట్లాగే పోయింది. అందులో నా పాపం కూడా ఉంది.

మబ్బుల్లో మందు కాల్చి వాన కురిపిస్తామని వచ్చిన ఒక కంపెనీలో ఆ ఏడు నాకు ఉద్యోగం. ప్రొద్దుటూరు అవతల చిన్న రన్‌వే, ఒక రేకుల షెడ్డు, రెండు సీట్ల విమానం. రేడియోలో వాతావరణం కబుర్లు విని బోర్డు మీద రాయడం నా పని. ఆ బోర్డు చూసి, నేను సంతకం పెట్టాకే పైలట్ పైకి లేవాలి.

మామ అంటే అమ్మకు అన్న. వేముల దగ్గర నాలుగెకరాల్లో వేరుశనగ వేశాడు. కాయ ఊరే వేళకు వాన మొహం చాటేసింది. ఆయనకు బోరు లేదు. పక్క చేని బోరు నుంచి వంతు ప్రకారం ఒక తడి దొరుకుతుంది. వంతు రేపనగా ఫోన్ చేశాడు.

"పాపా, మీ విమానం ఎప్పుడు పోతాంది?"

"రేపే పోతాంది మామా. మన పక్క శానా మబ్బుంటాదంట."

ఉంటుందో లేదో నాకేం తెలుసు? ఉద్యోగం కొత్తది, గొప్పలు పోయే బుద్ధి పాతది. ఆ మాట నమ్మి మామ తన వంతును వెనక చేనివాళ్ళకు వదిలేశాడు. నాకెట్లాగూ వానొస్తుంది, వాళ్ళన్నా తడుపుకోనీ అనుకున్నాడు. వదిలిన వంతును మళ్ళీ అడగడం మా పల్లెల్లో లేదు.

మరునాడు జమ్మలమడుగు మీద మబ్బు నిజంగానే లేచింది. పైలట్ మందు గొట్టాలు రెక్కలకు బిగించుకున్నాడు. అంతలో ఆ మబ్బులోంచి పోయిన పెద్ద విమానం వాళ్ళు రేడియోలో చెప్పారు, లోపల రెక్కలకు మంచు పడుతోందని. కింద మనం చెమటలు కక్కుతున్నా అంత ఎత్తున నీళ్ళు రెక్కకు తగలగానే గడ్డకడతాయి. ఆ మంచును వదిలించుకునే ఏర్పాటు లేని చిన్న విమానం, మంచు ఉందని కబురొచ్చిన మబ్బులోకి పోకూడదు. అది చట్టం.

పైలట్ నా చేతిలోని సుద్దముక్క వైపు చూశాడు. "నువ్వు వినలేదనుకో, నేనూ వినలేదు" అన్నాడు.

మామ చేను కళ్ళ ముందు మెదిలింది. అయినా రాశాను. విమానం షెడ్డులోనే ఉండిపోయింది. మబ్బు గండికోట మీదుగా సాగి, పలచబడి, చెదిరిపోయింది.

మూడో రోజు మామ మోటారుసైకిలేసుకుని షెడ్డుకొచ్చాడు.

"ఏంది పాపా, పోలేదంట?"

"మబ్బులో మంచుండాది మామా. పోతే మనిషి దక్కడు."

"మంచా? ఈ ఎండల్లో యాడుంది మంచు?" అని తలెత్తి ఆకాశంలో వెతికాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే వెతికాడు.

చేనుకు తడి పెట్టావా అని నేను అడిగితే అప్పుడు చెప్పాడు, వంతు వదిలేసిన సంగతి. తిట్టి ఉంటే బాగుండేది. నా మీద నాకే అసహ్యం వేసింది. మళ్ళీ వంతు వచ్చేసరికి చేను మాడిపోయింది.

చెట్లు పీకిన మొదటి రోజు చెల్లెలింటికి పచ్చికాయల మూట పంపడం మామ ఏనాడూ తప్పలేదు. ఆ ఏడూ పులివెందులలో మా ఇంటికి మూట వచ్చింది. అమ్మ ఉప్పేసి ఉడకబెట్టింది. వలిచిన ప్రతి కాయా లొట్టే, లోపల గింజ లేదు. అమ్మ వలుస్తూనే ఉంది.

అట్లాంటి కబురు రేపొచ్చినా బోర్డు మీద రాస్తాను. ఫోన్లో అన్న మాటనే వెనక్కి తీసుకోలేను. పంట ఏమైందని ఊళ్ళో ఎవరడిగినా మామ "మంచుకు పాయె" అంటాడు. వాళ్ళు నవ్వుతారు. నా మాట నమ్మి వంతు వదిలానని ఆయన ఇంతవరకు ఒక్కరితోనూ అనలేదు.