ప్రతి ఫాదర్‌నీ ఒకే మాట అడిగిన అత్త

మా ఎదురింటి అత్త పోయిన సంగతి నాకు ఫోన్‌లో తెలిసింది. అప్పుడు భవానీపూర్‌లో మా ఆఫీసులో ఉన్నాను. మా గుడి, అంటే మా చర్చి, వాట్సాప్ గ్రూపులో తెల్ల పువ్వుల బొమ్మ, దాని పక్కన ఆమె ఫొటో, కింద ఒక వాక్యం: "మన దేవాలయానికి వినయ విధేయతలతో సేవ చేసిన సోదరి ప్రభువులో నిద్రించారు." ఫొటో ఆమెదే. మాటలు మాత్రం ఇంకెవరి గురించో రాసినట్టున్నాయి. వినయమా? విధేయతా? ఏడుపు రావలసిన చోట నాకు ముందు అనుమానం వచ్చింది, ఈమెను ఇంత తొందరగా ఇంత మెత్తగా ఎందుకు మార్చేశారా అని. ఏడుపు ఆ తర్వాత బస్సులో వచ్చింది.

మా పెద్దవాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల్లో పనికి వచ్చినవాళ్ళు. అత్త నాకు రక్తసంబంధం కాదు, వరసకు అత్త. మా గుమ్మం, ఆమె గుమ్మం ఎదురెదురు. భర్త డాకులో బరువులు మోసి చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. ఆదివారం పూజ అయ్యాక గుడి పక్క గదిలో మా గల్లీ పిల్లలకు జపాలు, జ్ఞానోపదేశం నేర్పేది. బడిలో బెంగాలీ, వీధిలో హిందీ మాట్లాడుకునే మాకు తెలుగు అక్షరాలు ఆ గదిలోనే వచ్చాయి. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆమె పెట్టిన భిక్షే.

అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చిందనుకుంటాను. బజారులో ఇలిష్ చేప మొప్పలు ఎత్తి చూసి, వేలితో రుద్ది, "ఏటి దాదా, ఈ సేప గంగలో పుట్టినాదా, ఐసులో పుట్టినాదా?" అనేది. చేపలవాడు నవ్వేవాడు, ఆమె నవ్వేది కాదు. గుళ్ళో దీవించిన నీళ్ళ డబ్బా మూత తీసి వాసన చూసేది. ఎవరైనా మరీ తీయగా మాట్లాడి వెళ్తే, "ఈడికేటో కావాల" అనేది. చాలాసార్లు అది నిజమయ్యేది కూడా. "మరియ తల్లి కనపడినా నువ్వు ఆధార్ కార్డు అడుగుతావొదినా" అని మా అమ్మ ఆటపట్టించేది.

"అడుగుతాను. ఆ తల్లి సూపిత్తాది. అడిగితే కసిరీవోడితోనే మనకి బయ్యం" అనేది అత్త.

మా గుడికి కొత్త ఫాదర్ వచ్చినప్పుడల్లా హాల్లో స్వాగత సభ పెడతారు. దండ, శాలువా, పిల్లల పాట, చివర్లో సమోసాలాంటి సింగారా, సందేశ్ మిఠాయి పొట్లం. కమిటీ పెద్దలందరూ మాట్లాడాక అత్త వెనక బెంచీ నుంచి లేచేది.

"ముందర ఏ ఊర్లో ఉన్నారు ఫాదర్? అక్కణ్ణించి ఎందుకు పంపినారు?"

ఆమె ప్రతి ఫాదర్‌నీ అడిగేది ఇదే. మాకు అలవాటైపోయింది, కొత్తవాళ్ళే ఉలిక్కిపడేవారు. ఒకాయన "అక్కడి స్కూలు సిస్టర్‌తో నాకు పడలేదమ్మా" అని పకపకా నవ్వేశాడు. ఇంకో ముసలాయన, మోకాళ్ళ నొప్పులతో కొండ ఊళ్ళు తిరగలేక వచ్చానన్నాడు. అత్త ఆ సాయంత్రమే నువ్వుల నూనె కాచి పట్టుకెళ్ళింది. జవాబు చెప్పినవాళ్ళను ఆమె మళ్ళీ ఏమీ అడిగేది కాదు.

కొన్నేళ్ళ కిందట వచ్చిన ఒక ఫాదర్ మాత్రం జవాబు చెప్పలేదు. మంచి గొంతు, గిటారు వాయించేవాడు, వచ్చిన రోజే పిల్లలందరి పేర్లు నేర్చేసుకున్నాడు. అత్త అడిగితే చేతులు జోడించి, "అంతా దేవుని చిత్తం అమ్మా" అన్నాడు.

"దేవుడి సిత్తం నాకు తెల్సు బాబూ. మేత్రాణులోరి సిత్తం అడుగుతన్నాను."

మేత్రాణులంటే బిషప్పు. హాల్లో సగం మంది ఫక్కున నవ్వారు. ఆయనా నవ్వాడు, కానీ జవాబు రాలేదు. ఇంటికొచ్చాక అత్త సందేశ్ పొట్లం విప్పలేదు. "సెప్పనోడు ఊరికే నవ్వితే నాకు గుండెల్లో గాబరా" అంది మా అమ్మతో.

ఆయన పాపసంకీర్తనానికి పిల్లలను ఒక్కొక్కరినే తన గదికి పిలవడం మొదలుపెట్టాడు. తప్పులు చెప్పుకుని క్షమాపణ అడగడం అంటే ఎప్పుడూ గుళ్ళోనే, అందరి కళ్ళ ముందే జరిగేది. అత్త వెళ్ళి గుడి వసారాలో రెండు కుర్చీలు వేసింది. "ఇక్కడ కూకోండి ఫాదర్. అందరం సూత్తాం, ఎవులం ఇనం." ఆయన ఆ కుర్చీల వంక చూడనైనా చూడలేదు. ఆ వారమే కమిటీ పెద్ద అత్త ఇంటికొచ్చి, పిల్లల మనసుల్లో విషం నాటుతున్నావని చెప్పి ఆదివారం క్లాసు ఆమె చేతిలోంచి తీసేశాడు. ఆమెకు ఈ లోకంలో ఉన్నది ఆ క్లాసు ఒక్కటే. వారమంతా ఆ గంట కోసం బతికేది. ఆయన వెళ్ళిపోయాక గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. అత్త ఏడవడం నేను చూసింది అప్పుడే.

అయినా ఊరుకోలేదు. కొన్నాళ్ళకు గడప గడపకీ తిరగడం మొదలుపెట్టింది. "పిల్లగుంటల్ని ఒంటరిగా అంపకండి" అని ప్రతి తల్లికీ చెప్పింది. అంతకుముందు అడుగుతూ తిరిగిన మనిషి ఇప్పుడు అడగడం మానేసి చెప్పడం మొదలుపెట్టింది. ఆ తేడా నేను అప్పుడు పట్టించుకోలేదు. కమిటీ పెద్ద నడి గల్లీలో నిలబెట్టి, నీ దగ్గర రుజువుందా అని గద్దించాడు.

"ఉన్నాది. కానీ అది నాది కాదు, ఇవ్వడానికి."

అంతకు మించి ఒక్క మాట లేదు. చాలామందికి అది తప్పించుకునే మాటలా వినిపించింది. నాకూ అలాగే అనిపించింది. నా కూతుర్ని మాత్రం ఆ వారం నుంచి పంపలేదు. అత్తను నమ్మి కాదు, భయమేసి.

మేత్రాణుల ఆఫీసుకు కూడా వెళ్ళింది. నేనే తోడు వెళ్ళాను. లోపల ఆమె ఒక్కతే మాట్లాడింది, నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టింది. వాళ్ళు మర్యాదగా టీ ఇచ్చారు. సాగనంపుతూ ఒక పెద్దాయన "ప్రార్థన చేయండమ్మా" అన్నాడు. "సేసే వచ్చినాను" అంది అత్త. టీ తాగకుండా లేచింది.

కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం పూజ చివర్లో ప్రకటన చదివారు. ఆరోగ్య కారణాల వల్ల ఫాదర్ గారు సెలవు తీసుకున్నారట. గిటారు వాయించే మనిషికి ఏం జబ్బో ఎవరూ అడగలేదు. గల్లీ అంతా హమ్మయ్య అనుకుంది, అత్త తప్ప.

"ఎక్కడికి పంపినారో అడగండి. అక్కడ పిల్లలుండరేటి?"

"పోనాడు కదొదినా, ఇంకా మనకెందుకు?" అంది మా అమ్మ.

"మన గుమ్మం ఊడ్సీసి, ఆ సెత్త పక్కోలి గుమ్మంలోకి తోసీడమేనేటి?"

ఆమెతో కలిసి అడగడానికి ఎవరూ రాలేదు. ఇవాళ్టికీ జవాబు లేదు. ఆ క్లాసు కూడా ఆమెకు తిరిగి ఇవ్వలేదు. పొరపాటైందమ్మా అని ఒక్కరూ ఆమె గడప తొక్కలేదు.

నేనే ఉండబట్టలేక ఒకసారి అన్నాను, "ఇంత జరిగాక ఇంకా ఈ గుడికెందుకత్తా? వేరే ప్రార్థన కూటం వాళ్ళు పిలుస్తున్నారుగా" అని. ఆమె నా వైపు చిత్రంగా చూసింది.

"ఇల్లు నాది పిల్లా. ఇంట్లో ఎవుడో గది తలుపేసుకున్నాడని నానెందుకు ఈదిలోకి పోతాను?"

ప్రతి ఆదివారం వచ్చేది. పూజలో శాంతి కోరుతూ ఒకరికొకరు సమాధానం చెప్పుకునే వేళ వెనక్కి తిరిగి కమిటీ పెద్దకు చేతులు జోడించేది, కళ్ళలోకి చూస్తూ. ఆయనే తల దించుకునేవాడు. అంత అనుమానంలో అంత విశ్వాసం ఎలా పట్టిందో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాదు. నేను ఇంకా మోకరిస్తున్నానంటే మాత్రం ఆమె పుణ్యమే. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

సమాధి రోజు వాన. ఈమధ్యనే వచ్చిన కుర్ర ఫాదర్ జపాలు చదివి, అదే వినయం, అదే విధేయత గురించి మాట్లాడాడు. ఈయన వచ్చేసరికి అత్త మంచం పట్టింది, ఈయన్ని అడగలేకపోయింది. మంచివాడే కావచ్చు. ఎవరో రాసిచ్చింది చదివాడేమో కూడా. నేను ఆయన మొహం వంక చూస్తూ నిలబడ్డాను.

అందరూ మట్టి వేసి టీ కోసం గేటు వైపు వెళ్ళారు. ఒక అమ్మాయి మాత్రం కదల్లేదు. పాతికేళ్ళు ఉంటాయి. మా గల్లీ మనిషి కాదు. ఎవరమ్మా నువ్వు అని దగ్గరికెళ్ళి అడిగాను.

"మాది షాలిమార్ దీదీ. నాన్న రైల్వే యార్డులో పని. ఆ గిటారు ఫాదర్ మీ గుడికి రాకముందు మా కాడే ఉండీవోడు."

నేనేమీ అడగలేదు. ఆమే అత్త సమాధి వంక చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

"నాను సిన్నదాన్ని అప్పుడు. సెప్తే మా అమ్మ కూడా నమ్మలేదు. ఎందుకెల్లినావు, ఎంతసేపున్నావు అని నన్నే అడిగినాది. గుడోళ్ళూ అలాగే అడిగినారు. తరవాతెప్పుడో ఈ మాసీ మా ఊరొచ్చినాది, ఆయన్ని ఎందుకు పంపినారని ఇంటింటికీ తిరుక్కుంటా. నా పక్కన కూకుని, నువ్వు సెప్పినంతే సెప్పు, సెప్పలేనిది నీ కాడే ఉంచుకో అన్నాది. ఒక్కటంటే ఒక్కటి ఎదురు అడగలేదు దీదీ. నమ్మీసినాది."

మా గల్లీలో ఎవరికీ తెలియని అత్త ఆమె. ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేశాను.

అప్పుడే కుర్ర ఫాదర్ తెల్ల అంగీ అంచు ఎత్తి పట్టుకుని, సమాధుల మధ్య మేం నిలబడిన సన్నటి ఇటుకల బాట మీదుగా మా వైపు వచ్చాడు. ఒకరు తప్పుకుంటే తప్ప ఇంకొకరు పోలేని బాట. మా వాళ్ళెవరైనా అయితే ఫాదర్‌ని చూడగానే పక్కకు జరుగుతారు. నా కాలు కూడా జరగబోయింది. ఆ అమ్మాయి ఆయన వంకే చూస్తూ ఉన్నచోటే నిలబడింది. ఆయన ఆగాడు. కాసేపు చూశాడు. తర్వాత బాట దిగి, చీలమండల దాకా బురదలో కూరుకుంటూ, మమ్మల్ని చుట్టి వెళ్ళాడు.