పసుపుకొమ్ము నీడ

ముందే చెబుతున్నాను, ఆవగింజంత జరిగితే గుమ్మడికాయంత చెప్పడం నా జబ్బు. తూకం మీరే వేసుకోండి.

మా పెద్దమ్మకు ఎక్కడ చోటు కనబడితే అక్కడ కూలబడి, "అలిసినాను నాయనా, రవ్వంత కూర్చోనీ" అనడం అలవాటు. రొమ్ములో గడ్డ కనబడిందని, అది మంచిదో చెడ్డదో తేల్చుకోవడానికి బిట్రగుంటలో రైలెక్కించి ఆమెను మద్రాసుకు తీసుకుపోయాను. ఆస్పత్రి చేరేసరికి ఆమె కూర్చోని మెట్టు ఆ నగరంలో మిగల్లేదు.

రొమ్ముకు ఎక్స్‌రే తీసే గదిలో, ఒంటిమీద బంగారం ఉండకూడదన్నారు.

"మీ పెదనాయన బతికుండంగానే తాళి తీయాల్నా?" అని పెద్దమ్మ బల్లమీద కూలబడింది. ఆ కేకకు హార్బరులో ఓడలు కదిలాయి. చివరికి పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి మెడలో వేసుకున్నాకే సూత్రాలు తీసి నా చేతిలో పెట్టింది.

ఫిల్ము చూసిన డాక్టరుగారు నీరసపడ్డారు. "గడ్డలు రెండున్నాయమ్మా."

పెద్దమ్మ కళ్లు చికిలించి ఫిల్ములోకి చూసింది. "ఆ పొడుగుది మా ఆయన సామీ. దాన్ని కోయబాకండి."

డాక్టరుగారు కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. కొమ్మును వీపుమీదికి వేయించి మళ్లీ తీశారు. రెండో ఫిల్ము కడిగిన ముత్యంలా వచ్చింది.

కొమ్ము నిజం, ఆ జవాబు నిజం, డాక్టరుగారి నవ్వూ నిజమే. ముత్యం మాత్రం నా కల్పన. రెండో ఫిల్ములో పెదనాయన లేడు. గడ్డ ఉంది.