ఇద్దరికీ ఎత్తిన చేతులు

మా ఊరు పుంగనూరికి దగ్గరే. మూడో తరగతితో బడి మానేసిన దాన్ని. అయినా మా వీధి ఆడవాళ్ళ పొదుపు సంఘానికి పదకొండేళ్ళు లీడరుగా ఉన్నాను. ఓటేసి ఎవరూ పెట్టలేదు. మొదటి రోజు "నువ్వే ఉండమ్మా" అన్నారు, ఉన్నాను. సంఘం కొన్న పిండిమిషను గది తాళంచెవి నా కొంగుకే ఉండేది.

పొద్దున ఏడింటికి తెరిచి తొమ్మిదికి మూసేదాన్ని. ఒక్కొక్కరు ఒక్కో వేళకు శేరు రాగులు పట్టుకొస్తే మిషను ఊరికే తిరుగుతుంది, కరెంటు దండగ, బెల్టు అరుగుతుంది. టమోటా కోతకు పోయేవాళ్ళు ఆరింటికే ఆటో ఎక్కుతారు, వాళ్ళకు నా వేళ కుదరదు. సాయంత్రం తెరవమన్నారు. కుదరదన్నాను. కోత నుంచి వచ్చి, మూట నెత్తిన పెట్టుకుని పుంగనూరుకు పోయి ఆడించుకునేవాళ్ళు. ఎవరూ నాతో పోట్లాడలేదు. పోట్లాడలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

పోయిన ఎండాకాలం కుప్పం నుంచి మా అల్లుడు వచ్చాడు. టీవీలో ఏదో దేశంలో ఎన్నికలయ్యాక జనం వీధుల్లో కొట్టుకుంటున్నారు. అది చూసి అన్నాడు: "ఈ ఓట్లు అన్ని దేశాలకూ సరిపడవత్తా. మన జనానికైనా అంతే. గట్టిగా ఒకరు సెప్తేనే ఇంటారు. నీ సంఘమే సూడు, ఓటు లేకుండా ఎంత బాగా నడస్తాండాదో."

నాకు ఆ మాట బాగా నచ్చింది. వీధిలో నలుగురి దగ్గరా చెప్పుకున్నాను కూడా.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మదనపల్లె ఆఫీసు నుంచి సంఘాల పని చూసే అమ్మాయి వచ్చి, ఇకమీద లీడరును సభ్యులే ఎన్నుకోవాలంది. నాకు పోటీగా వరసకు కోడలయ్యే ఆవిడ నిలబడింది. కోత పనికి పోయే మనిషి. ముందురోజే ఇంటికొచ్చి చెప్పింది.

"కోపం చేసుకోవద్దత్తా. సాయంత్రం రెండు గంటలు తెరిస్తే మాకు సాలు. నువ్వు తెరవవు. అందుకే నిలబడతాండా."

"నిలబడు. నీకెవురేస్తారో నేనూ సూస్తా" అన్నాను.

పద్నాలుగు మందిమి మిషను గది ముందర కూర్చున్నాం. ముందు నేను కావాలన్నవాళ్ళను చేతులెత్తమంది ఆ అమ్మాయి. అందరూ ఎత్తారు. నేను కొంగు సర్దుకున్నాను. మరి ఈమెకో అంది. మళ్ళీ అందరూ ఎత్తారు. ఎదురుగా కూర్చున్న మనిషికి ఎత్తకపోతే ఏం బాగుంటుంది? నేనూ ఎత్తాను, లేకపోతే ముసలిదానికి ఎంత ఆశో అనుకుంటారు.

"అవ్వా, మనిషికి ఒక్కసారే ఎత్తాల!" అని ఆ అమ్మాయి తల పట్టుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఇద్దరికీ పద్నాలుగే.

మా పక్కింట్లో బట్టలు కుట్టే సాయిబులావిడ నవ్వి, "మొగం మీద కాదనేది మావల్ల కాదు పాపా, ఇంకేదన్నా సూడు" అంది.

అప్పుడు గది లోపల రెండు చెంబులు పెట్టారు. ఎడమది నాది, కుడిది ఆవిడది. తలా ఒక చింతగింజ ఇచ్చి, ఒక్కొక్కరినే లోపలికి పంపి తలుపు చేరవేశారు. నేను ధైర్యంగానే ఉన్నాను.

నా చెంబు వంచితే రెండు గింజలు పడ్డాయి. ఒకటి నేను వేసుకున్నదే.

తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి ఇంటికొచ్చి పడుకున్నాను. ఒళ్ళంతా నొప్పులు. ఏ పనీ చెయ్యకుండా అంత అలసట ఎట్లా వచ్చిందో. ఆ రెండో గింజ ఎవరిదో అని మూడు రోజులు ఒక్కొక్క ముఖమే తలుచుకున్నాను. తర్వాత విసుగొచ్చి మానేశాను.

పక్కింటావిడ పలకరించడానికి వచ్చింది. అడిగేశాను. "పదకొండేళ్ళు మీకు నోరు యాల రాలేదు?"

"వస్తే ఇనేదానివా అమ్మా?"

అల్లుడన్న దేశాల సంగతి నాకు తెలియదు. ఏ జనానికి ఏది సరిపడుతుందో చదువుకున్నవాళ్ళు తేల్చుకోవాలి. పద్నాలుగు మంది ఉన్న మా సంఘం గురించే నేను పొరబడ్డాను.

ఇప్పుడు మిషను సాయంత్రమే ఆడుతుంది. పొద్దున ఆవిడ కోతకు పోతుంది, తెరవడానికి ఎవరూ ఉండరు. సాయంత్రమయ్యేసరికి నాకు మోకాళ్ళు బిగుసుకుపోతాయి, చూపు ఆనదు. మూట మోసుకుని ఆ వరుసలో నిలబడలేను. వారంలో ఒక్క పూటైనా పొద్దున తెరవమని అడగాలి. అడిగితే వింటుందేమో కూడా. రాగులు చెరిగి సంచిలో పోసి నాలుగు రోజులైంది. ఆవిడ రోజూ మా గుమ్మం ముందు నుంచే పోతూ "బాగుండావా అత్తా?" అంటుంది. "బాగుండానమ్మా" అంటాను. అంతకు మించి నోరు రావడం లేదు.