మావయ్య అడిగిన వాసన

మా మావయ్య పోయాడు. గోపాలపట్నంలోని ఆయన ఇంట్లోనే, ఎండ ముదరకముందే పోయాడు. నేను ప్లాంటులో మొదటి షిఫ్టులో ఉన్నాను. అత్తయ్య ఫోన్ చేసి, "ఒరే నాన్నా, మావయ్య మరి లేడ్రా" అని పెట్టేసింది. హెల్మెట్ చేత్తో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదంటే చెప్పలేను. ఆయన నన్ను అడిగింది ఒక్కటే, అదీ తెచ్చి ఇవ్వలేకపోయాను. ఎవరితోనైనా చెప్పుకోకపోతే గుండె పగిలేలా ఉంది. అందుకే మీకు రాస్తున్నాను.

మావయ్య సరుకు ఓడల్లో స్టూవర్డుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆఫీసర్లకు భోజనాలు వడ్డించడం, వాళ్ల గదులు చూసుకోవడం ఆయన పని. ఎన్ని దేశాలు తిరిగినా ఆయన నోట్లో ఒక్క ఊరి పేరే నానుతుండేది. ఫ్రాన్సులో లువార్ నది సముద్రంలో కలిసే దగ్గర నాంత్ అని ఒక రేవు. ఓడ రిపేరుకని వెళ్లి ఒక చలికాలమంతా అక్కడే ఉండిపోయిందట. ఆఫీసర్ల బల్ల మీదికి వైన్ తెమ్మని ఈయన్ని ద్రాక్షతోటల వైపు పంపేవారు. ఆ చుట్టుపక్కల చేసేది దాదాపు అంతా తెల్ల వైనే, పేరు మస్కడే. ఒక ఎస్టేటు యజమానురాలు, ముసలావిడ, ఈయన్ని పీపాలున్న చీకటి గదిలోకి తీసుకెళ్లి అంతా చూపించిందట.

"ఏటి సేత్తారో తెలుసా? పులిసిన రసాన్ని దాని అడుగు మడ్డి మీదే సలికాలమంతా ఒగ్గేత్తారు. తేర్చరు, పారబొయ్యరు. ఆ మడ్డే దానికి రుసి ఇత్తాది" అని చెబుతూ అక్కడికక్కడే వాసన పీల్చినట్టు కళ్లు మూసుకునేవాడు. సముద్రపు గాలి తగిలే తోటలు కనక ఆ వైన్‌లో కాస్త ఉప్పదనం ఉంటుందట. అక్కడివాళ్లు దాన్ని చేపలతో, సముద్రపు గుల్లలతో తాగుతారట. "మన జాలారిపేటలో పుట్టాల్సింది, దారి తప్పి అక్కడ పుట్టింది" అని నవ్వేవాడు. రొయ్యల వేపుడు వండిన ప్రతిసారీ ఈ కథ తప్పేది కాదు. అత్తయ్య వంటింట్లోంచే "వచ్చింది మీ మావయ్య ఓడ" అని ఎగతాళి చేసేది.

ఏది చేతికిచ్చినా ముందు ముక్కు దగ్గర పెట్టుకోవడం ఆయన అలవాటు. టీ, మామిడిపండు, ఉతికిన చొక్కా, ఏదైనా సరే. ఒక పెళ్లిలో సాంబారు బకెట్టు ఆపి వంగి వాసన చూస్తే వడ్డించేవాడు కొట్టేంత పని చేశాడు. మేం తినేటప్పుడు ఆత్రపడితే, "ముందు ముక్కుకి సూపించరా, నోటికి తొందరేటి?" అనేవాడు. ఇవాళ్టికీ టీ గ్లాసు అందుకోగానే నా చెయ్యి ముందు ముక్కు దగ్గరికే వెళ్తుంది.

అలాంటి మనిషికి అన్నం దిగే గొట్టంలో గడ్డ లేచింది. గుక్కెడు నీళ్లు కూడా దిగేవి కావు. పొట్టలోకి ట్యూబు వేసి పాలు పోసేవారు. మంచం చుట్టూ మందుల వాసన, ఫినాయిలు వాసన. ఒక మధ్యాహ్నం నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఒరే అల్లుడూ, తాగనొద్దు. వాసన సాలు. ఆ తెల్ల వైను ఒక్కపాలి ముక్కు కాడెట్టు. మరింక నాను ఏటీ అడగను."

ఆయన ఎన్నడూ ఎవర్నీ ఏమీ అడిగి ఎరగడు. ఆ పూటే బయల్దేరాను. బోర్డు మీద వైన్స్ అని రాసున్న చోట వైన్ తప్ప అన్నీ దొరుకుతాయని మీకు తెలుసు, నాకూ తెలుసు. అయినా అడిగాను. "వైనేటి బాబూ? బ్రాందీ ఉంది, బీరుంది" అన్నాడు కౌంటర్లో మనిషి, వెనకున్నవాళ్లు నవ్వారు. బీచ్ రోడ్డు హోటళ్లలో ఏవేవో చూపించారు, అది మాత్రం లేదు. వాసన చూడటానికని చెబితే నన్ను ఎగాదిగా చూశారు. రోజూ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మావయ్య నా ముఖం కంటే ముందు నా చేతులు చూసేవాడు. ఆ చూపు తట్టుకోలేకపోయేవాణ్ని.

చివరికి నేను చెప్పి ఉంచితే, ఓడల్లో పనిచేసే స్నేహితుడొకడు సెలవుకి వస్తూ సరిగ్గా అదే తెచ్చాడు. "బావా, దొరికింది" అని ఫోన్ చేస్తే రోడ్డు మీదే ఏడ్చేశాను. కానీ వాడు దిగీ దిగగానే చెల్లెలి పెళ్లికి ఎలమంచిలి పరుగెత్తాలి. ఇంట్లో సీసా కనిపిస్తే వాళ్లమ్మ ఊరుకోదు. అందుకని ఆటోనగర్లో వాళ్లన్నయ్య షెడ్డులో, లేతు మిషను వెనక దాచి తాళం వేసుకుని పోయాడు. రేకుల షెడ్డు. మే నెల. మందు కూడా చెడిపోతుందని వాడికెలా తెలుస్తుంది? మనవాళ్ల లెక్కలో మందు ఎన్నాళ్లున్నా మందే.

పెళ్లి సందడంతా అయ్యాక వాడే తెచ్చి నా చేతిలో పెట్టాడు. బిరడా పైకి పొడుచుకొచ్చింది, సీసా మెడంతా జిగట. గ్లాసులో పోస్తే మురిగిన టీ రంగు. అయినా ఆశ చావలేదు. అత్తయ్య తల ఎత్తి పట్టుకుంటే నేను గ్లాసు ముక్కు దగ్గర పెట్టాను. మావయ్య పీల్చాడు. ఆగి మళ్లీ పీల్చాడు.

"వడదెబ్బ తగిలిందిరా దీనికి" అన్నాడు మెల్లిగా. "పాపం, ఎంత దూరం నుంచొచ్చిందో." కాసేపటికి, "తెచ్చినోడితో అనకు. బాధపడతాడు" అన్నాడు.

వంటింట్లోకి వెళ్లి గోడకేసి తల కొట్టుకున్నాను. అత్తయ్య వచ్చి నన్ను పట్టుకుంది.

"ఆగరా. ఆ వైను తరవాణి లాగుంటాదని ఆయనే అనీవోరు. దబ్బాకు ఏసిన తరవాణి. పెళ్లయిన కొత్తలో మా అత్త కుండ కాడికెళ్లి నిలబడి, నాంత్ వాసనొత్తందే అనీవోరు."

గంజీ అన్నమూ కుండలో పోసి మూల పెడితే కొన్నాళ్లకు పులుస్తుంది, ఆ మడ్డి మీదే రోజూ గంజి పోస్తూ నడిపిస్తారు, అదే తరవాణి. పాతది కాస్త తోడు దొరికితే తొందరగా అవుతుంది. అత్తయ్య వీధులన్నీ తిరిగింది. ఫ్రిజ్‌లు వచ్చాక ఆ కుండ ఎవరింట్లోనూ లేదు. కొత్త కుండలోనే దబ్బాకు వేసి మొదలుపెట్టింది. వాసన పుట్టగానే ముందు ఆయనకే తగలాలని తలగడ పక్కన పెట్టింది. ఆయన తల అటే తిప్పుకుని పడుకున్నాడు.

"వచ్చిందేటే?"

"ఇంకా లేదు. పొద్దున్నకి వచ్చేత్తాది."

ఆ కుండ ముందు కూర్చుని, తొందరగా పులవ్వే తల్లీ అని దండం పెట్టాను. నవ్వుకుంటే నవ్వుకోండి. ఆ పొద్దున్నే ఆయన పోయాడు.

దహనం చేసి, స్నానాలు చేసి, తడిబట్టలతో ఇంటికి వచ్చేసరికి గుమ్మంలోనే తగిలింది. పుల్లగా, చల్లగా, దబ్బాకు వాసన. మంచం అప్పటికే తీసేశారు. ఖాళీ గచ్చు మీద కుండ ఒక్కటే ఉంది. చుట్టాలావిడ ఎవరో పారబోయడానికి వంగితే అత్తయ్య ఆవిడ చెయ్యి పక్కకి నెట్టింది. మూకుడు తీసి, మావయ్య తల ఉండే వైపుకి కుండ మూతిని కాస్త వంచి, అలాగే పట్టుకుని కూర్చుంది.