పద్నాలుగు తంత్రుల ఆలస్యం

విబ్రెన్ హూక్‌స్ట్రాకు శ్రుతి చేసుకోవడం ఒక జబ్బు. డెవెంటర్ ఊళ్లో శనివారం మధ్యాహ్నం చర్చి కచేరీకి వచ్చేవాళ్లెవరైనా ఆ మాట ఒప్పుకుంటారు. ఆయన వాయించే థియోర్బో అనే తంత్రీవాద్యం ఆయనకంటే పొడుగు. దానికి గొర్రె పేగుతో పేనిన పద్నాలుగు తంత్రులు. పన్నెండింటికి మొదలు కావలసిన కచేరీలో పన్నెండుంబావు దాకా ఆయన ఒక్కో బిరడా తిప్పుతూ, చెవి ఆనించి, పెదవి విరుస్తూ ఉంటాడు. మూడో వరసలో కూర్చునే ఆవిడ ఆలోపు మేజోడు మడమ దాకా అల్లేస్తుంది. ఒకసారి పక్క ఊరు జ్వొల్లె నుంచి వచ్చిన పెద్దమనిషి లేచి చప్పట్లు కొట్టి, "మొదటిది కొంచెం కొత్త ధోరణి, అయినా బాగుంది" అన్నాడు.

చివరికి మండిపడేది బెర్టస్. డెబ్బై ఆరేళ్లవాడు, పాతకాలపు కర్రవేణువు వాయిస్తాడు.

"ఏమయ్యా, బతికున్నప్పుడు ఆ గొర్రె కూడా ఇంత సతాయించి ఉండదు!"

"మబ్బు పట్టింది కదండీ, తంత్రి దిగిపోయింది."

"పోయినవారం ఎండకి పైకెక్కిందన్నావు!"

"ఎండ కూడా పడదండీ దీనికి."

పియానోకి పూర్వరూపంలాంటి హార్ప్సికార్డ్ వాయించే గెసీనాకు మాత్రం నవ్వు రావడం మానేసింది. ఆ ముగ్గురి జట్టుకు పెద్ద ఆమే. చర్చి కమిటీ తరఫున ఆల్ట్యే ముఖం మీదే చెప్పేసింది: "ఇకమీదట ఒక్క నిమిషం ఆలస్యమైనా మీ శనివారం గాయకులకి ఇచ్చేస్తాం." విబ్రెన్‌ను మాన్పించక తప్పదు. ఇరవై రెండేళ్ల స్నేహితుడికి ఆ మాట ఎలా చెప్పాలో గెసీనా సైకిల్ తొక్కుతూ నాలుగు రకాలుగా అనుకుని చూసింది. నాలుగూ బాగాలేవు.

ఆ శనివారం, వాళ్లెప్పుడూ వాయించే వాద్యాల మేడకు రంగులు వేస్తున్నారు. అందుకని హార్ప్సికార్డ్‌ను కూడా దింపించి కిందే, కుర్చీల ముందే వాయించారు. విబ్రెన్ కూర్చున్నాడు. రెండు బిరడాలు తిప్పాడు.

"నేను సిద్ధం" అన్నాడు.

అరనిమిషం! అల్లికావిడకు సూదులు బయటికి తీసే తీరిక కూడా దొరకలేదు.

కచేరీ తర్వాత కాఫీ దగ్గర గెసీనా ఆయన్ను నిలదీసింది. "పైన పావుగంట, కింద అరనిమిషమా? ఏంటి కథ?"

"పైన చలిగాలి."

"నా వాద్యం ఏడాదంతా అక్కడే ఉంటుంది. దానికి లేని చలా?"

విబ్రెన్ దూరంగా రెండో బిస్కెట్ కోసం గొడవపడుతున్న బెర్టస్ వైపు చూశాడు. "మేడకి నలభై ఎనిమిది మెట్లు. ఎక్కి వచ్చేసరికి ఆయనకి ఊపిరి అందదు. కాసేపు ఆగమని మాత్రం చచ్చినా అనడు."

"మరి ఎప్పుడు ఆపాలో నీకెలా తెలుస్తుంది?"

"నన్ను తిట్టడానికి ఊపిరొస్తే వాయించడానికీ వచ్చినట్టే కదా. ఆయనతో అనకు."

తర్వాతి శనివారం మళ్లీ మేడ మీదే. గెసీనా పంచిన కార్యక్రమ పత్రంలో మొదటి అంశం ఇలా ఉంది: 'ఆరంభ నాదం, పద్నాలుగు తంత్రులకు. విబ్రెన్ హూక్‌స్ట్రా.' గంట పన్నెండు కొట్టగానే విబ్రెన్ మొదటి బిరడా తిప్పాడు. కింద ఆల్ట్యే గడియారం చూసుకుని తృప్తిగా కూర్చుంది.

బెర్టస్ ఎర్రబడ్డ ముఖంతో, మేడ అంచు కమ్మీ పట్టుకుని, పత్రం చదువుతున్నట్టు నటిస్తున్నాడు. విబ్రెన్ నాలుగో తంత్రి దాటాడు, తొమ్మిదో తంత్రి దాటాడు, మళ్లీ మొదటికొచ్చాడు.

"ఆరంభ నాదమా!" బెర్టస్ భగ్గుమన్నాడు. "వీడి జబ్బుకి కార్యక్రమంలో చోటు కూడానా గెసీనా, నీకసలు బుద్ధుందా, నేనెప్పుడో సిద్ధమై కూర్చుంటే నా ఊపిరంతా ఇలా వృథా చేస్తారా ఇద్దరూ కలిసి!"

మధ్యలో ఊపిరి కోసం ఒక్కచోట కూడా ఆగలేదు. గెసీనా విబ్రెన్ వైపు చూసింది.

"కుదిరింది" అన్నాడు విబ్రెన్.