గిన్నె వాటా

ముద్దుకృష్ణ సారుకు గిన్నె పిచ్చి. పిచ్చి అంటే స్టీలు సామాన్ల అంగళ్ళ చుట్టూ తిరిగే రకం కాదు. వేడినీళ్ళలో చన్నీళ్ళు కలిపితే చివరికి ఎంత వేడి మిగులుతుందని ఇంటర్ పిల్లలకు ఒక లెక్క ఉంటుంది కదా! వేడిది పోగొట్టుకున్నదంతా చల్లనిది పొందుతుందని రాసి లోకమంతా చేతులు దులుపుకుంటుంది. ఆయన దులుపుకోడు. "మరి గిన్నె సంగతేంది?" అంటాడు. నీళ్ళు పోసిన గిన్నె కూడా కాస్త వేడి తాగుతుంది, దాని వాటా దానికి చూపించాలి. ఆ మాట నిజమే. కానీ నిజాన్ని మనిషి రోజుకు ఎన్నిసార్లు తట్టుకోగలడు?

యమున మదనపల్లెలో ఆయన పనిచేసే కాలేజీలో ఫిజిక్సు చెప్పడానికి చేరిన రోజే నిర్ఘాంతపోయింది. స్టాఫ్ రూములో ఆయన మొదట గ్లాసులో సలసల కాగే నీళ్ళు పోసి, గిరగిరా తిప్పి, వాటిని కిటికీలోంచి బయటికి విసిరి, తర్వాత నింపాదిగా అందులో కాఫీ పోసుకున్నాడు.

"గ్లాసు వాటా ముందే కట్టేసినానమ్మా. ఇంక కాఫీ జోలికి రాదు."

"సార్, కింద ఎవరిదో బండి ఉండాది!"

"సీటుకు గూడా కొంత పోతాది. అది వేరే లెక్క."

ఆ బండి కాలేజీ నడిపే కరస్పాండెంట్ చంద్రమోహన్‌ది. ఆయన ఆ సీటు మీద కూర్చొని లేచిన వేగం చూసి యమున మరోసారి నిర్ఘాంతపోయింది. ఆ కాలేజీలో అదొక అలవాటుగా మారబోతోందని ఆమెకింకా తెలియదు.

ఇంట్లో ఈ మనిషిని ఎలా భరిస్తారో కనుక్కుందామని ఒక ఆదివారం వెళ్ళింది. ఆయన భార్య వరలక్ష్మి ఎదురుచూస్తున్నట్టే అందుకుంది. "పెండ్లయిన కొత్తలో తలంటుకు నీళ్ళు కలిపి పెట్టమన్నా తల్లీ. బకెట్టు ఇనపదా, రాగిదా అని పేపరూ పెన్నూ పట్టుకోని కూసున్న్యాడు. లెక్క తేలేలోగా నీళ్ళు సల్లంగా అయిపాయ."

"మళ్ళా?"

"మళ్ళా ఏముండాది! ఎంతసేపట్లో సల్లారినాయని ఇంగో లెక్క."

పుంగనూరు గురించి ఒక మాట చెప్పాలి. అక్కడి ఆవు పొట్టిది, పాలు మాత్రం చిక్కన. మర్యాదా అంత చిక్కనే. ఆ ఊళ్ళో ఎవరిదో పెళ్ళికి వెళ్ళి, పాయసం మరీ వేడిగా ఉందని అందరూ ఊదుకుంటుంటే ఈయన లేచి, "ఏమప్పా, గిన్నె సంగతేంది?" అని అడిగాడు. పెళ్ళివారు సిగ్గుపడిపోయారు. సారు ఇంటికి తీసుకుపోవడానికి గిన్నె అడుగుతున్నాడని అర్థం చేసుకొని, పెద్ద క్యారియర్ నిండా ఓళిగలు, అదే బొబ్బట్లు, సర్ది చేతికిచ్చారు. పక్కన కూర్చున్న యమునకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన మాత్రం క్యారియర్‌ను తట్టి చూసి, "ఇది అల్యూమినియం" అన్నాడు.

కుప్పం సంగతి వేరు. అక్కడ తెలుగులో తిట్టి, కన్నడంలో ఓదార్చి, తమిళంలో టీ తాగమంటారు. అక్కడి కాలేజీ బ్రాంచికి ఇద్దరూ పాఠాలు చెప్పడానికి వెళ్ళినప్పుడు ఒక పిల్లవాడు టీ లెక్క చేసి నాలుగు వందల డిగ్రీలని తేల్చాడు.

"నాలుగు వందల డిగ్రీల టీ! తాగినోడు ఉండాడా, పోయినాడా?" అని యమున కేకలేసింది.

ముద్దుకృష్ణ సారు కాగితం తీసుకొని కళ్ళజోడు సర్దుకున్నాడు. "పిల్లోడు బాగానే చేసినాడమ్మా. గిన్నే కొంచెం ఎగస్ట్రాలు చేసిండాది."

యమునకు ఒళ్ళు మండేది అక్కడే. పాఠాలు చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి ఈయన నోట 'తప్పు' అన్న మాట విన్నవారు లేరట. ఏ లెక్క చెడినా నేరమంతా గిన్నె మీదికే పోతుంది. ఇదేం మాస్టరీ?

ఇంతలో పరీక్షలొచ్చాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మూడు బ్రాంచిల పిల్లలకూ ఒకటే పేపరు, ఫిజిక్సు ప్రశ్నలూ జవాబులూ యమునే తయారు చేయాలి. చంద్రమోహన్ పిలిచి మరీ చెప్పాడు. "మేడం, మీ ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఈ పేపరు మీద ఒక్క కంప్లైంటు వచ్చినా మీరు వేరే కాలేజీ చూసుకోవాల్సిందే."

కంప్లైంటు కుప్పం నుంచి కారేసుకొని వచ్చింది. దాని పేరు శంకరప్ప, హోల్‌సేల్ సరుకుల వ్యాపారి. తన కొడుకు యశ్వంత్ మార్కుల కాగితాన్ని చంద్రమోహన్ బల్ల మీద కొట్టి అరిచాడు.

"సున్నా అని రాసినోనికి సున్నా కంటే తక్కువ ఏస్తారా? ఇది యా ఊరి న్యాయమప్పా?"

ప్రశ్న ఇదీ: ఒక గిన్నెలో ఇరవై ఐదు డిగ్రీల నీళ్ళు వంద గ్రాములున్నాయి. సున్నా డిగ్రీల ఐసు యాభై గ్రాములు వేస్తే చివరికి ఎన్ని డిగ్రీలు? సున్నా, అయిదు, పది, మైనస్ పది. యశ్వంత్ సున్నా అన్నాడు. యమున ఇచ్చిన జవాబు మైనస్ పది. కంప్యూటరేమో యశ్వంత్ జవాబు తప్పని ఒక మార్కు కోసేసింది.

యమున ప్రశ్న మళ్ళీ చదువుకుంది. ఐసంతా కరిగిపోతుందనుకొని లెక్క వేసింది తను. అంత ఐసును కరిగించే వేడి ఆ నీళ్ళకెక్కడిది? సగానికి పైగా కరిగి, మిగతాది తేలుతూ, సున్నా దగ్గరే ఆగిపోతుంది. ఫ్రిజ్జు లేకుండానే, ఐసు కంటే చల్లటి నీళ్ళు తయారుచేసింది తను! ఇంటర్ పిల్లలు చేసే తప్పు. ఉద్యోగం పోయినట్టే.

"జవాబెట్లా వచ్చిందో చెప్పండి మేడం" అన్నాడు చంద్రమోహన్.

ఆమె నోరు తెరిచింది. మాట మాత్రం గుమ్మంలోంచి వచ్చింది.

"మరి గిన్నె సంగతేంది?"

చంద్రమోహన్ నుదురు పట్టుకున్నాడు. "సార్, ఇప్పుడొద్దు..."

"ఇప్పుడే! గిన్నె బరువు రాసిండారా? లేదు. దేంతో చేసింది? లేదు. ఎంత వేడిమీద ఉండాది? అదీ లేదు. మామూలు గిన్నె అయితే సున్నా. ఎండలో పెట్టిన ఇత్తడిదైతే అయిదు. పొయ్యి మీంచి దించిన దబర అయితే పది. ఫ్రీజర్లోంచి తీసిన రాచ్చిప్ప అయితే మైనస్ పది. నాలుగూ రైటే!"

"ఫ్రీజర్లో రాచ్చిప్ప యాల పెడతారు సార్?" అన్నాడు చంద్రమోహన్.

"మా ఇంట్లో పెట్టిండాను. రాండి, సూపిస్తా. శంకరప్పా, నువ్వూ రాప్పా. రాయి ఎంత వేడి తాగుతాదో తేల్చేసి, సాయంత్రానికి..."

శంకరప్ప అప్పటికే లేచి నిలబడ్డాడు. "సామీ, మావోనికి మార్కు కలిపితే సాలు. రాచ్చిప్ప సూడనీకి రాలేదు నేను."

అందరికీ మార్కులు కలిపేశారు. కారు కుప్పం దారి పట్టింది.

వరండాలో యమున సారును ఆపింది. "సార్, అది సున్నానే. తప్పు నాది."

"తెలుసమ్మా. పరీక్ష నాడు నీ జవాబుల కాగితం సూడంగానే తెలిసింది."

"మరి అప్పుడే చెప్పొచ్చు గదా?"

"జవాబులు అప్పటికే కంప్యూటర్లో పడిపాయ. మార్చాలంటే చంద్రమోహన్‌కు నీ పేరు చెప్పాల. పేరు లేకుండా ఎట్లా చెప్పేదా అని ఆనాటి నుంచి కొట్టుకలాడతాండా." గొంతు తగ్గించాడు. "గిన్నె ఎవురిమీదా అలగదమ్మా. ఎంత మోపినా మోస్తాది. మీరట్లా కాదే, తప్పన్న మాట పడితే రెండు దినాలు అన్నం తినరు."

టీ నాలుగు వందల డిగ్రీలన్న పిల్లవాడు మళ్ళీ ధైర్యంగా చెయ్యెత్తి జవాబు చెప్పడం యమునకు అప్పుడు గుర్తొచ్చింది. ఇదేం మాస్టరీ అని తను అనుకున్నది దీన్నేనా?

"నాకింక ఇది లోపల ఆగదు సార్" అని తిన్నగా కరస్పాండెంట్ గదిలోకి వెళ్ళింది. ఆమె మొదలుపెట్టకముందే చంద్రమోహన్ చెయ్యెత్తాడు. "మేడం, నేను ఇంటర్ ఆ సారు దగ్గరే చదివినా. నీళ్ళల్లో ఐసేస్తే ఏమవుతుందో నాకు తెలీదా? పోయి పిల్లలకు ఆ లెక్క సరిగ్గా చెప్పండి."

ఈసారి నిర్ఘాంతపోవడానికి కూడా ఆమెలో ఓపిక మిగల్లేదు. బయటికొస్తే గుమ్మం పక్కనే ముద్దుకృష్ణ సారు గోళ్ళు కొరుకుతూ నిలబడి ఉన్నాడు.

"ఏమన్న్యాడమ్మా?"

"క్లాసులో ఆ లెక్క మళ్ళీ చెప్పమన్నారు. నేనే తప్పు చేశానని పిల్లలకు చెప్పేస్తాను సార్."

సారు కళ్ళు పెద్దవయ్యాయి. ఊరందర్నీ బిత్తరపోయేలా చేసే మనిషి, తానే గోడకు ఆనుకొని నిలబడిపోయాడు.

"పిల్లోళ్ళ ముందరా? నీ నోటితోనే?"

"అవును సార్."

"నవ్వుతారు గదమ్మా!"

"నవ్వనీండి సార్."

"ఉండు, ఉండు" అంటూ ఆయన ఆమె వెనకే క్లాసు దాకా వచ్చి, చివరి బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కొని కూర్చున్నాడు. "ఇది ఎట్లా చెప్తారో నేనూ నేర్చుకోవాల."